గీత పడని తలుపు

ఎవాంథియా కూర్చోమంటే కూర్చోలేదు. కట్టు కట్టిన కుడిచెయ్యి మెడకు వేలాడుతుంటే, ఎడమచేత్తో కోటు జేబులోంచి చిన్న రుమాలు మూట తీసి భోజనాల బల్ల మీద పడేసింది. మూట వెళ్లి పప్పుపులుసు గిన్నెకు తగిలింది.

"నా తలుపు తాళం. మొన్న బుధవారం మీ కోడలు తెరిచిందే, అది. విప్పి చూసుకోండి," అంది.

బల్ల చుట్టూ నలుగురు. చెంచాలు నాలుగూ ఆగాయి.

వోలోస్ ఊళ్లో, రేవు వెనక వీధిలో ముప్పై ఎనిమిదేళ్లుగా తాళాల షాపు నడుపుతున్న స్టెర్గియోస్, తుంచబోయిన రొట్టెను తుంచకుండానే పట్టుకుని ఉండిపోయాడు. ఆయన భార్య కల్లియోపి ముందు మూటను చూసింది, తర్వాత కోడలిని చూసింది. కొడుకు వాయోస్ రేవులో సరుకులెత్తే బండి నడిపే మనిషి. ఇంట్లో గొడవ మొదలైతే కంచంలోకి చూడటం అతనికి చిన్నప్పటినుంచీ అలవాటు. ఇప్పుడూ అదే చేశాడు.

కోడలు అసిమీనా మాత్రం ఆ కట్టునే చూస్తోంది. బుధవారం తలుపు గురించి గొడవయిందని తెలుసు. చెయ్యి విరిగిందని ఆమెకెవరూ చెప్పలేదు.

"చేతికేమైంది?" అని అడిగింది.

"అడుగుతున్నావా? తెరిచేటప్పుడు అడగాల్సింది. అప్పుడు నోరు పడిపోయిందా?"

"ఎవాంథియా, ముందు కూర్చో. పులుసు వేడిగా ఉంది, ఒక గరిటె పోస్తాను," అంది కల్లియోపి.

"నాకు మీ పులుసు వద్దు. " స్టెర్గియోస్ వైపు తిరిగింది. "కుంబారో, మీ మీద నాకు కోపం లేదు. పెళ్లిపెద్దగా మీ చేతుల మీదుగా మా పెళ్లి జరిగింది. మా తలల మీద పెళ్లి కిరీటాలు మూడుసార్లు మార్చింది మీరే. మీకు తెలిసుంటే ఇది జరగనిచ్చేవారు కాదు. నేనొచ్చింది ఈమె కోసం."

స్టెర్గియోస్ రొట్టె కింద పెట్టాడు. ఆ మాటకు తలాడించలేదు, కాదనీ అనలేదు. ఒక మనిషిని నమ్మి ఇంత మాట అన్నప్పుడు ఎదుటివాడు కనీసం కళ్లెత్తి చూడాలి. ఆయన ఉప్పుడబ్బా వైపు చూశాడు.

"జరిగింది చెప్పండి. నాకు నిజంగా తెలీదు," అంది అసిమీనా.

"తెలీదట." ఎవాంథియా నవ్వింది. ఆ నవ్వులో మంచి అనేది లేదు. "అయితే విను. మూడు వారాల కిందట తాళం మార్పించాను. ఎందుకు మార్పించానో మా మేడ మొత్తానికీ తెలుసు, గోడలకు చెవులున్నాయి కదా. బుధవారం నేను ఆస్పత్రి లాండ్రీలో డ్యూటీకి వెళ్లాను, పిల్ల బడికెళ్లింది. వెళ్లేటప్పుడు తాళం రెండు చుట్లు తిప్పి వేశాను. వచ్చేసరికీ రెండు చుట్లూ అలాగే ఉన్నాయి. నా తాళంచెవితో నేనే రెండుసార్లు తిప్పి తీసుకున్నాను. తలుపు మీద గీత లేదు, తాళం మీద గీత లేదు. సంచులు పట్టుకుని వంటింట్లోకి వెళ్లాను. నేను గెంటేసిన మొగుడు, అర్గీరిస్, నా కుర్చీలో కూర్చుని ఉన్నాడు."

కల్లియోపి గరిటెను గిన్నెలో వదిలేసింది.

"లోపలి కొక్కేనికి నేను తగిలించుకున్న రెండో చెవి తీసుకుని, లోపల్నించి మళ్లీ రెండు చుట్లూ వేసుకుని కూర్చున్నాడు, నాకు అనుమానం రాకుండా. వాడి చేతిలో నా మణికట్టు రెండు చోట్ల విరిగింది. నీ కుంబారో కోడలే తెరిచింది, వెన్నలో కత్తి దిగినట్టు తెరిచింది అని నా మొహం మీదే చెప్పాడు. పోలీసుల దగ్గరికి వెళ్లేసరికి మాట మార్చాడు. నేనే పిలిచానట, నేనే తలుపు తీశానట, గుమ్మంలో కాలు జారి నేనే పడ్డానట. వాళ్లొచ్చి తాళం చూశారు. పగల్లేదు, డ్రిల్లు పెట్టలేదు. 'అమ్మా, బలవంతంగా వచ్చినట్టు లేదే' అన్నారు."

అసిమీనా చేతులు బల్ల కిందికి తీసుకుంది. 

"సోమవారం జడ్జి ముందుకు వెళ్లాలి. వాడు మా ఇంటి ఛాయలకు రాకూడదని ఉత్తర్వు కావాలి. వాడు లోపలికి ఎలా వచ్చాడో చెప్పేవాళ్లు లేకపోతే ఉత్తర్వు కష్టమని మా వకీలు అంటున్నాడు. నువ్వు సంతకం పెట్టాలి. 'నేను తెరిచాను' అని."

"అది కుదరదు," అన్నాడు స్టెర్గియోస్. ఆయన నోరు విప్పడం అదే మొదలు.

"ఎందుకు కుదరదు?"

"షాపు పేరు పోతుంది కనుక. ఊళ్లో ఎవరి తలుపు తెరవమన్నా నేను ముందు గుర్తింపు కార్డు తీసుకుని నా చొక్కా జేబులో పెట్టుకుంటాను. తలుపు తెరుచుకున్నాక లోపలికెళ్లి వాళ్ల పేరున్న కరెంటు బిల్లు చూపిస్తేనే కార్డు తిరిగిస్తాను. ముప్పై ఎనిమిదేళ్లు. ఒక్కసారి తప్పలేదు. ఈమధ్య నా చేతులు నిలవడం లేదని పంపితే, ఈవిడ ఒంటరిగా వెళ్లిన మొదటి పనిలోనే బిల్లు అడగలేదు. తెరవడం నేర్చుకుంది, అడగడం నేర్చుకోలేదు. ఆటగా మొదలెట్టినవాళ్ల పని అట్లాగే ఉంటుంది."

"నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నాను," అని కల్లియోపి అందుకుంది. ఈ అవకాశం కోసం ఆమె మూడేళ్లుగా చూస్తోంది. "బిస్కెట్ ఫ్యాక్టరీ మూతపడితే మనిషన్నది ఇంకో పని వెతుక్కుంటుంది. ఈవిడేం చేసింది? వీధులూడ్చే మున్సిపాలిటీ బండి ఉంటుంది చూడు, దాని బ్రష్షులోంచి రాలిన ఉక్కు ఈనెలు ఏరుకుంటూ రోడ్ల వెంట తిరిగింది. నా కోడలు. పట్టపగలు, అందరూ చూస్తుండగా."

"వాటితోనే తాళాలు తెరిచే పుల్లలు చేసుకున్నాను. షాపులో ఉన్నవి నన్ను ముట్టుకోనివ్వలేదుగా," అంది అసిమీనా.

"ఆదివారం సంతలో తుప్పు తాళాలు డబ్బా నిండా తెచ్చింది. దొంగల ఇంట్లో కూడా అన్ని ఉండవు. పండగనాడు కూడా ఒళ్లో తాళం, చేతిలో పుల్ల, కళ్లు మూసుకుని కూర్చునేది. పూనకం వచ్చిందేమో అనుకున్నాను."

"ఒక్కసారి కూడా మన తలుపు మీద చెయ్యి వెయ్యలేదు అత్తయ్యా. వాడుకలో ఉన్న తాళం ముట్టుకోకూడదు, సొంతం కాని తాళం ముట్టుకోకూడదు. పుల్ల పట్టుకున్న మొదటి రోజే నేర్చుకుంటారు ఆ రెండూ."

"చాలా బాగా నేర్చుకున్నావు," అంది ఎవాంథియా, కట్టు చూపిస్తూ.

 ఆ మాట అసిమీనాకు తగలాల్సిన చోటే తగిలింది.

బుధవారం ఆమె ఎంత పొంగిపోయిందో ఎవరికీ చెప్పుకోలేదు. డ్రిల్లు పెడితే మూడు నిమిషాల పని. సంచీలో డ్రిల్లు ఉంది కూడా. కానీ పెట్టలేదు. పుల్లతోనే తెరవాలనుకుంది. రెండు చుట్లు వేసిన తాళం ఒక చుట్టు తిరిగాక లోపలి చిన్న ఇత్తడి పిన్నులన్నీ మళ్లీ మొదటికి పడతాయి, రెండోసారి మొదట్నుంచీ లేపుకుంటూ రావాలి. రెండుసార్లూ చేసింది, పదకొండు నిమిషాల్లో. మెట్ల మీద నిలబడి అర్గీరిస్ చప్పట్లు కొట్టాడు. గీత పడలేదని ఆమె తలుపును చేత్తో తడిమి మరీ చూసుకుంది.

డ్రిల్లు పెట్టి ఉంటే తాళం నాశనమయ్యేది. ఎవాంథియా మెట్లెక్కి రాగానే చూసి వెనక్కి పరుగెత్తేది. ఆ సంగతి ఇప్పుడు, ఈ బల్ల దగ్గర, పులుసు వాసనలో ఆమెకు తట్టింది. ఇంతకంటే సిగ్గుపడిన రోజు తన బతుకులో లేదనుకుంది.

ఆమె లేచి చెయ్యి తుడుచుకుని రుమాలు విప్పింది.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు స్టెర్గియోస్.

"చూస్తున్నాను."

"చూడ్డానికేం లేదు అందులో."

"పుల్ల పెడితే లోపల పిన్నుల కొసల మీద గీతలు పడతాయి మామయ్యా. పైకి కనపడవు. మీరే ఒకసారి ఎవరికో చెబుతుంటే విన్నాను. నాకు చెప్పలేదు లెండి, మీరు నాకేం చెప్పారు కనుక."

ఎవాంథియా బల్లకు దగ్గరగా వచ్చింది. "గీతలుంటాయా? నిజంగా?"

"తెరిచింది నేనేగా. ఉంటాయి."

అసిమీనా గూట్లోంచి తన డబ్బా తెచ్చుకుంది. అందులో చీపురుకట్ట కర్రను సాఫు చేసి కోసుకున్న గుండ్రటి ముక్క ఒకటుంది. తాళంలో చెవి దూరే ఇత్తడి బుడిపెను బయటికి లాగేటప్పుడు, దాని వెనకే ఆ ముక్కను తోసుకుంటూ రావాలి. లేకపోతే పైనున్న పిన్నులూ స్ప్రింగులూ ఇల్లంతా ఎగిరిపోతాయి. కొత్తవాళ్లందరూ మొదటిసారి చేసే తప్పు అదే. ఆమె కూడా చేసింది, రెండు రోజులపాటు సోఫా కింద వెతుక్కుంది.

ఎవాంథియా ఆ తాళంచెవి ఇచ్చింది. అసిమీనా దాన్ని పెట్టి కొంచెం తిప్పి, కర్రముక్కతో నెమ్మదిగా తోసింది. ఇత్తడి బుడిపె ఒళ్లోకి వచ్చింది. అందులోంచి ఐదు చిన్న పిన్నులు వరసగా తీసి రుమాలు మీద పరిచింది. డబ్బాలోని భూతద్దం కంటికి పెట్టుకుంది.

"ఉన్నాయి," అంది. "చూడండి. చెవి రాసుకున్న చోట మెరుపు నున్నగా ఉంది. ఇవి అడ్డంగా, సూది గీసినట్టు ఉన్నాయి. ఇవి నావి."

ఎవాంథియా ఎడమచేత్తో భూతద్దం లాక్కుంది. చూసింది. కళ్లనిండా నీళ్లు తిరిగాయి, కానీ గొంతు మెత్తబడలేదు. "రెండు రోజులుగా నేను అబద్ధాలకోరునని అందరూ అంటున్నారు," అంది.

అసిమీనా పై వరస పిన్నులు కూడా దింపుతోంది. మూడోది వేళ్ల మధ్యకు రాగానే ఆగింది.

మిగతా నాలుగూ ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే నున్నగా ఉన్నాయి. మూడోదాని నడుం చుట్టూ సన్నటి గాడి ఉంది, చేత్తో ఆకురాయి పెట్టి రాసిన గాడి. పుల్లకు దొరికినట్టే దొరికి మధ్యలో పట్టేసేందుకు చేసే ఏర్పాటు అది. బుధవారం ఆమెను ఆరు నిమిషాలు ఏడిపించింది ఇదే. ఊళ్లో అలా రాసేవాడు ఒక్కడే. రోజూ సాయంత్రం షాపు అద్దం పక్కన కూర్చుని, మూడుమూలల ఆకురాయితో ఒక్కో పిన్నూ రాసి చిన్న గిన్నెలో వేసేవాడు. ఆ గిన్నె ఆమె దూరం నుంచి చూసేది. తాకనిచ్చేవాడు కాదు.

"ఈ తాళం మీకు ఎవరు బిగించారు?" అని అడిగింది, ఎవాంథియా వైపు చూడకుండా.

"ఎవరేమిటి, మీ మామయ్యే. నీకు చెప్పలేదా?"

వాయోస్ కంచంలోంచి తల ఎత్తాడు.

"మీరు బిగించారా?" అంది అసిమీనా.

"బిగిస్తే?" అన్నాడు స్టెర్గియోస్. "తాళాలు బిగించడమే నా పని."

"బుధవారం నేను ఆ మెట్ల మీద నిలబడి మీకు ఫోన్ చేశాను. 'కార్డు ఇచ్చాడు, బెల్లు మీద పేరు కూడా ఇతనిదే, కానీ ఏదో తేడాగా ఉంది, తెరవనా వద్దా' అని అడిగాను. మీరేమన్నారు?"

"అసిమీనా," అన్నాడు వాయోస్ మెల్లగా. "వద్దు."

"ఏమన్నారు మామయ్యా?"

  కింద వీధిలో ఎవడో మోటారు సైకిల్ స్టార్ట్ చేస్తున్నాడు, అది స్టార్ట్ కావడం లేదు.

"'వాడు నా చేతుల మీదుగా పెళ్లాడినవాడు, బిల్లూ గిల్లూ అక్కర్లేదు, తెరిచి రా' అన్నారు. ఆ రాత్రి నన్ను షాపులోకి పిలిచి, 'ఇది నీ మీద వేసుకో, అడగలేదని ఒప్పుకో, వచ్చే వారం నుంచి షాపు చెవి నీ చేతికిస్తాను' అన్నారు. మూడేళ్లుగా నేను ఎదురుచూసిన మాట అది. ఒప్పుకున్నాను. బుద్ధి గడ్డి తిని ఒప్పుకున్నాను. అప్పుడు ఈమె చెయ్యి విరిగిందని నాకు చెప్పారా?"

ఎవాంథియా కుర్చీ వీపు పట్టుకుంది. ఇప్పటిదాకా కూర్చోమన్నా కూర్చోనిది, ఇప్పుడు నిలబడలేక పట్టుకుంది.

"కుంబారో. ఈవిడ చెప్పేది నిజమా?"

"నాతో ఏం చెప్పి బిగించుకున్నావు నువ్వు?" అని ఎదురు తిరిగాడు స్టెర్గియోస్. మనిషి తప్పు బయటపడితే ముందు గొంతు పెరుగుతుంది. "దొంగల భయం అన్నావు. మేడలో కింద వాటా దోచుకున్నారన్నావు. నేను నమ్మి, నా చేతుల్తో పిన్ను రాసి, చెవులన్నీ సీలు విప్పకుండా నీకిచ్చి వచ్చాను. వారం తర్వాత అర్గీరిస్ షాపుకొచ్చి పసిపిల్లాడిలా ఏడ్చాడు. మొగుణ్ని బయటికి గెంటడానికా నాచేత తాళం వేయించుకున్నావు? నేను కిరీటాలు మార్చిన ఇల్లు, నేనే బిగించిన తాళంతో విడిపోవాలా? పెళ్లిలో నేను పూచీ పడ్డాను. నలుగురిలో నా తల ఎక్కడ పెట్టుకోను?"

"నిజం చెబితే మీరు బిగించేవారా?"

"బిగించేవాణ్ని కాదు. కూర్చోబెట్టి ఇద్దరికీ చెప్పేవాణ్ని."

"పదమూడేళ్లలో మీకు మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ మాకు తీపి కాఫీ ఇచ్చి ఇంటికి పంపారు."

"మొగుడూ పెళ్లాలన్నాక..." అని కల్లియోపి ఏదో అనబోయింది.

"అత్తయ్యా, ఆ మాట పూర్తి చెయ్యకండి," అంది అసిమీనా. కల్లియోపి నిజంగానే పూర్తి చెయ్యలేదు.

"ఆ చెయ్యి వాడు విరవలేదు. జారిపడిందని వాడు నాతో ప్రమాణం చేసి చెప్పాడు," అన్నాడు స్టెర్గియోస్.

"మీరు నమ్మారా?"

ఆయన లేచాడు. డెబ్బై దాటిన మనిషి, ఈమధ్య కాఫీ కప్పు కూడా రెండు చేతుల్తో పట్టుకుంటున్నాడు. కానీ రుమాలు కొస పట్టుకుని లాగినప్పుడు ఆ చెయ్యి ఏమాత్రం వణకలేదు. పిన్నులూ స్ప్రింగులూ ఎగిరి గచ్చు మీద నలుమూలలా చెదిరిపోయాయి.

"అయ్యో, చెయ్యి వణికింది," అంది కల్లియోపి కంగారుగా.

వణకలేదని అసిమీనాకు తెలుసు. ఎవాంథియాకూ తెలుసు. కల్లియోపికి తెలియకపోవడానికి వీల్లేదు.

అసిమీనా మోకాళ్ల మీద కూర్చుని ఏరడం మొదలుపెట్టింది. ఎవాంథియా కూడా వంగబోయి, కట్టు నొప్పెట్టి ఆగిపోయింది. ఒకటి కుర్చీ కాలి దగ్గర, రెండు అలమారు కింద, ఒకటి వాయోస్ బూటు పక్కన. వాయోస్ దాన్ని తీసి మాట్లాడకుండా భార్య చేతిలో పెట్టాడు. ఆ మనిషి పెళ్లయిన పదేళ్లలో తండ్రి ముందు చేసిన పెద్ద సాహసం అదేనని చెప్పాలి.

గీతలున్న పిన్నులు ఐదులో నాలుగు దొరికాయి.

"మామయ్యా, కాలు తియ్యండి."

స్టెర్గియోస్ కదల్లేదు.

"మీ చెప్పు కింద ఉంది. తియ్యండి."

"షాపు కావాలా, ఇది కావాలా?" అన్నాడు ఆయన పైనుంచి. అరవలేదు. అరిస్తేనే బాగుండేది. "తేల్చుకో. జడ్జి ముందు నా పేరు చెప్పిన మనిషి నా షాపు గుమ్మం ఎక్కదు. ఈ ఊళ్లో తాళాల పనివాళ్లు నలుగురున్నారు, నలుగురూ నా దగ్గర నేర్చుకున్నవాళ్లే. ఒక్కడు నిన్ను పనిలో పెట్టుకుంటాడేమో చూద్దాం. మళ్లీ వెళ్లి రోడ్ల మీద ఈనెలు ఏరుకో."

ఆమెకు ఆ పని ఎంత ఇష్టమో ఆ ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. వేలి కొసకు పిన్ను కదిలినట్టు తగిలినప్పుడు, ఆ చిన్న టిక్కు వినిపించినప్పుడు, ముప్పై మూడేళ్లు వచ్చాక మొదటిసారి తనకొక విద్య వచ్చిందనుకుంది. షాపు బల్ల వెనక నిలబడే రోజును ఊహించుకుని నవ్వుకున్న రాత్రులున్నాయి. ఆ రోజు వచ్చే వారమే. ఒక్క నోరు మూసుకుంటే చాలు.

అసిమీనా గచ్చు మీదినుంచి లేచింది. నాలుగు పిన్నులూ రుమాల్లో చుట్టి ఎవాంథియా కోటు జేబులో వేసింది.

"నాలుగు చాలు. కాగితం తెచ్చారా?"

"వకీలు ఇచ్చాడు." ఎవాంథియా మడత కాగితం తీసి బల్ల మీద పెట్టింది. "ఖాళీగా ఉంది. నువ్వే రాయాలి."

"వాయోస్, పెన్ను."

వాయోస్ తండ్రి వైపు చూశాడు. తర్వాత లేచి ఫోన్ పక్కనున్న పెన్ను తెచ్చిచ్చాడు.

ఆమె గిన్నెలు పక్కకు నెట్టి నిలబడే రాసింది. బుధవారం ఎన్ని గంటలకు వెళ్లిందీ, ఎలా తెరిచిందీ, ఎంతసేపు పట్టిందీ. అర్గీరిస్ ఏం చెప్పాడో, తను మెట్ల మీద నుంచి ఎవరికి ఫోన్ చేసిందీ, ఆయన ఏమన్నాడూ. ఆ వాక్యం రాసేటప్పుడు పెన్ను ఒకసారి ఆగింది. మామగారి పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాసింది. తర్వాత, 'నా తప్పు కూడా ఉంది, బిల్లు అడగాల్సింది, అడగలేదు' అని రాసింది. సంతకం పెట్టింది.

"అయిపోయింది," అన్నాడు స్టెర్గియోస్. 

కల్లియోపి పళ్లేలు తీయడం మొదలుపెట్టింది. ఎవరి పులుసూ అయిపోలేదు. ఒక పళ్లెం మీద ఇంకో పళ్లెం పెడుతుంటే చప్పుడు మరీ పెద్దగా వస్తోంది. "ఇంటి పరువు కాగితం మీద పెట్టి ఇచ్చేశావు. ఇక సుఖంగా ఉండు," అంది.

ఎవాంథియా కాగితం మడిచింది. థాంక్స్ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కూడా లేదని అసిమీనా అనుకుంది.

"నిన్ను నేను క్షమించలేదు," అంది ఎవాంథియా.

"తెలుసు."

"సోమవారం పొద్దున తొమ్మిదికి కోర్టు దగ్గర ఉండు."

"ఉంటాను." అసిమీనా విడిపోయి పడున్న ఇత్తడి బుడిపెను, ఖాళీ డొల్లను ఏరి ఆమె చేతికిస్తూ, అలవాటు కొద్దీ అడిగింది. "మీ తలుపుకి ఇప్పుడేముంది? ఆ రెండో చెవి అతని దగ్గరే ఉండిపోయింది కదా."

"కొత్తది వేయించాను. ఇవాళ పొద్దున్నే."

"ఎవరిచేత?"

ఎవాంథియా స్టెర్గియోస్ వైపు తిరిగి చూసింది. "ఈయనే వచ్చారు. తనే ఫోన్ చేసి వచ్చారు. కట్టు చూసి అయ్యో అన్నారు. కోడలు చేసిన తప్పుకు నాది పూచీ అని, డబ్బు కూడా వద్దన్నారు. వెళ్లేటప్పుడు, విప్పిన పాత తాళం ఇమ్మన్నారు. అప్పుడే చెత్తలో పారేశానని చెప్పాను. ఎందుకో ఇవ్వబుద్ధి కాలేదు."

వాయోస్ కుర్చీ కిర్రుమంది.

"చెవులు సీలు కవరులో ఇచ్చారా?" అని అడిగింది అసిమీనా.

"కవరేం లేదు. చేతిలో పెట్టారు."

"ఎన్ని?"

"రెండు. ఒకటి నా దగ్గరుంది. ఒకటి మా పిల్ల రల్లూకిచ్చాను. బడి నుంచి వచ్చి ఉంటుంది, పదేళ్ల పిల్ల, ఒక్కతే ఉంటుందని దానికిచ్చాను. లోపల రెండు చుట్లు వేసుకోమన్నాను."

అసిమీనా మామగారి వైపు తిరిగింది. షాపులో ఉన్న ఏ కొత్త తాళం పెట్టె విప్పినా చెవులు మూడుంటాయి. ఆ సంగతి ఆమెకు తెలుసు, ఆయనకు తెలుసు, లెక్క రానట్టు మొహం పెట్టుకున్న కల్లియోపికీ తెలుసు. ఆ పెట్టెలు ముప్పై ఎనిమిదేళ్లుగా తుడిచి సర్దుతున్నది ఆమే.

పళ్లేలు పట్టుకుని వంటింటి గుమ్మం దాకా వెళ్లిన కల్లియోపి అక్కడే ఆగిపోయింది.

"స్టెర్గియోస్," అంది. "మూడోది ఎవరికిచ్చావు?"

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. ఇందాకటి నుంచి కింద నొక్కి పెట్టిన కాలు దానంతటదే పక్కకు జరిగింది. ఆ ఇత్తడి ముక్క కోసం ఎవరూ వంగలేదు.

"మాట్లాడుకోవడానికే," అన్నాడు. "పూలు తీసుకుని వెళ్తానన్నాడు. మాట్లాడి వచ్చేస్తానన్నాడు. నా దగ్గర ప్రమాణం చేశాడు."

"ఎన్నింటికి?" అంది ఎవాంథియా.

"మూడింటికి."

అసిమీనా గోడ వైపు చూసింది. మూడు దాటి ఇరవై నిమిషాలయింది.